పప్పు గంటె గారికి బహిరంగ విన్నపం

అనంతపురం

మహారాజశ్రీ పప్పు గంటె గారి సముఖమునకు, అదే వంటింట్లో ఇరవై ఆరేళ్లుగా తమరి కొలతకు కట్టుబడి తింటున్న గృహస్థుడు చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. తమరు పొయ్యి పక్క మేకుకు వేలాడుతూ, ఎప్పటిలాగే సన్నని కాడతో, లోతు లేని గుంటతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నా క్షేమం సంగతి, పోయిన దసరాకు సరిపోయి ఈ ఉగాదికి బొత్తాం పట్టని ప్యాంటును అడిగితే చెబుతుంది.

మన ఇంట్లో అన్నం వడ్డించే హస్తం అరచేతి కంటే వెడల్పు. తమరి గుంటలో కోడిగుడ్డు పెడితే దొర్లి కింద పడుతుంది. అన్నం ఇంకొంచెం అంటే హస్తం అడగని రెండో సారి కూడా దిగుతుంది. పప్పు ఇంకొంచెం అంటే మాత్రం తమరు గిన్నె అంచుకు టకటకమని రెండు మార్లు తట్టుకొని, ఒంటికి అంటుకొన్న కాస్త పప్పునూ వదిలించుకొని మరీ నా కంచం దాకా వస్తారు. ఆ చప్పుడు వినపడగానే నా కడుపు తనకు రావలసిన వాటా తగ్గిందని గ్రహించి, దాని బదులు మరో హస్తం అన్నానికి సిద్ధపడుతుంది.

ఒక ఆదివారం చిన్న తూకం మిషను తెచ్చి తమరి లెక్క తేల్చాను. నలుగురికి మధ్యాహ్నం వంటకు 600 గ్రాముల బియ్యం, 150 గ్రాముల కందిబ్యాళ్లు పడ్డాయి. నూరు గ్రాముల బ్యాళ్లలో సుమారు 22 గ్రాముల ప్రోటీను ఉంటుంది కనుక, తమరి ద్వారా నాకు ముట్టినది 8 గ్రాములు. బియ్యంలో నూటికి ఎనిమిదికి కాస్త తక్కువే అయినా, నేను తిన్న రాశిని బట్టి అన్నం నుంచి దాదాపు 12 గ్రాములు వచ్చింది. పప్పన్నం అని పప్పును ముందు నిలబెట్టి పిలుస్తాం గానీ, నా కంచంలో పప్పు చేయవలసిన పని అన్నమే చేసిందన్నమాట. అందుకు అది పుచ్చుకొన్న కూలి 500 కేలరీల పైమాట. అదే 12 గ్రాములు బ్యాళ్ల నుంచి వచ్చి ఉంటే 200 కేలరీల లోపే తెమిలిపోయేది.

అన్నానికీ పప్పుకూ పొత్తు కుదరదని నేననడం లేదు. ప్రోటీను కట్టుబడికి కావలసిన ఇటుకల్లో, బియ్యంలో కొరవడిన లైసిను పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో కొరవడిన మిథియోనిను బియ్యంలో దొరుకుతుంది. ఇంతకంటే మంచి సంబంధం ఎవరూ చూడలేరు. కానీ తమరి పెత్తనం వల్ల మగపెళ్లివారు రెండు బస్సుల్లోనూ, ఆడపెళ్లివారు ఒక స్కూటరు మీదా దిగినట్టుంది.

సింప్సన్, రాబెన్‌హైమర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, మిడతల తిండిని ఏళ్ల తరబడి గమనించిన మీదట, 2005లో మనుషుల గురించి ఒక ప్రతిపాదన చేశారు. శరీరం తనకు కావలసిన ప్రోటీను అందేదాకా ఆకలిని వదలదనీ, తిండిలో దాని వాటా తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి మిగతావన్నీ అతిగా తినేస్తుందనీ దాని సారాంశం. అది అన్ని చోట్లా అందరికీ వర్తిస్తుందో లేదో పండితులు తేల్చుకొంటారు. నా మటుకు నేను, తమరి టకటకల తర్వాత మూడో మారు అన్నం పెట్టించుకొనేటప్పుడు, ఆ మిడతలతో ఏదో చుట్టరికం కలిసినట్టే తోస్తుంది.

ఇక మా ఆఫీసులో ఒకాయన, ప్రోటీను తింటే ఒంట్లో నిప్పు రాజుకొని కొవ్వు దానంతట అదే కరిగిపోతుందని చెబుతూ ఉంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. నూరు కేలరీల ప్రోటీనును అరిగించి సర్దుకోవడానికే శరీరం 20 నుంచి 30 కేలరీలు ఖర్చు పెడుతుంది. పిండిపదార్థానికైతే 5 నుంచి 10, కొవ్వుకైతే మహా అంటే 3. అయితే నేను రోజుకు 30 గ్రాముల పిండిపదార్థం మాని అంతే ప్రోటీను తిన్నా, అదనంగా ఖర్చయ్యేది 20 కేలరీలు, అటూ ఇటూగా. తమరు పప్పులోకి దిగే ముందు పోపులో పడే ఒక్క టీ చెంచా నూనె దానికి రెట్టింపు. ఆ నిప్పు మీద కాఫీ కూడా కాగదు. ప్రోటీను చేసే అసలు ఉపకారం వేరే ఉంది: కడుపు నిండిందన్న కబురు మెదడుకు గట్టిగా చేరుతుంది, బరువు తగ్గే రోజుల్లో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోకుండా కాపాడుతుంది. ఆ కండ నిలవాలంటే కుర్చీలోంచి లేవాలి కూడా, అది తమరి తప్పు కాదు.

తమరికి పోటీగా మా పెద్దవాడు జిమ్ము నుంచి ఒక ప్రోటీను పొడి డబ్బా తెచ్చాడు. అందులో ఉన్న ప్లాస్టిక్ చెంచాకు జరిగే మర్యాద చూస్తే తమరు మేకు మీద నుంచి దూకేస్తారు. తలగొట్టి, సమం చేసి, ఒక్క రవ్వ ఒలికినా వేలితో అద్ది నోట్లో వేసుకొంటాడు. అదే వేలితో కంచంలో పప్పును పక్కకు నెడతాడు. ఒళ్లు పెంచడానికి ఇలాంటి పొడులు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పిందని చదివి వినిపిస్తే, ఆ సంస్థ వాళ్లు జిమ్ముకు వెళ్లరేమో అన్నాడు. ఆ సంస్థ లెక్కలో 65 కిలోల మగవాడికి రోజుకు కావలసింది 54 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవారి లెక్క వేరు, అది డాక్టరు గారు చెప్పాలి.

శెనక్కాయలు ఉన్నాయి కదా అని తమరు అనవచ్చు. శెనక్కాయ మీద ఈగను వాలనివ్వని జిల్లా నాది. నూరు గ్రాముల విత్తనాల్లో 25 గ్రాముల ప్రోటీను ఉన్న మాట వాస్తవమే గానీ, దానికి దాదాపు రెండింతలు నూనె కూడా వెంట వస్తుంది. సాయంత్రం కబుర్లలో పడి పావుకిలో ఒలిచి తిన్నవాడికి ఈ సంగతి బాగా తెలుసు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

కనుక నేను కోరేది పెద్దదేమీ కాదు. టకటకలు మానండి. పప్పు రెండు మార్లు దిగిన తర్వాతే హస్తానికి రెండో పిలుపు వచ్చేలా చూడండి. వారానికి రెండు నాళ్లు ఉలవల గుగ్గిళ్లకో అలసందలకో కూడా తమరు చేయి అందించండి.

తమరు మాట వినరన్న అనుమానంతో మొన్న గడియారస్తంభం దగ్గర లోతైన గుంట ఉన్న కొత్త గంటె ఒకటి కొని, ఎవరికీ చెప్పకుండా మేకుకు తగిలించాను. ఇంటామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా బాగుందని మెచ్చుకొంది. రాత్రి భోజనానికి కూర్చుంటే అది నేతి గిన్నెలో ఉంది.

ఇట్లు,
తమరి విధేయుడు