బిట్‌రేటు పెంచండి, ప్రేక్షకుణ్ణి ఓడించండి

వీడియో ఎడిటింగు పూర్తయింది. ఎక్స్‌పోర్ట్ నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుని రిజల్యూషన్ (బొమ్మలో ఎన్ని చుక్కలు) ఎంత, సెకనుకు ఫ్రేములెన్ని, బిట్‌రేటు (సెకను వీడియోకు ఖర్చుపెట్టే డేటా) ఎంత అని వినయంగా అడుగుతుంది. మనిషి పరువు తేలేది ఇక్కడే. కనిపించిన స్లయిడరునల్లా కుడి చివరకు లాగినవాడు వీరుడు. మధ్యలో ఆపి ఆలోచించేవాడు పిసినారి. ఈ ఘనమైన గరిష్ఠవాద సంప్రదాయాన్ని ఈమధ్య కొందరు లెక్కలు చెప్పి చెడగొడుతున్నారు కనుక, దాని పక్షాన నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

వాళ్ళ మొదటి లెక్క ఇది. సెకనుకు ఎన్ని మెగాబిట్లో ఆ అంకెను నిడివి సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఫైలు ఎన్ని మెగాబైట్లో తెలిసిపోతుందట. పది నిమిషాల వీడియోకు 2 మెగాబిట్లయితే 150 మెగాబైట్లు, 8 అయితే 600. మనం 50 పెడతాం కనుక 3,750. ఈ లెక్కలో రిజల్యూషన్ ఊసే లేదు, గమనించారా? 4కే అయినా 480పీ అయినా 8 మెగాబిట్లు పోస్తే 600 మెగాబైట్లే. ఈ కిటుకు పట్టుకున్న మధ్యేవాదులు 4కే పెట్టి 3 మెగాబిట్లు ఇస్తారు. సైజు తగ్గింది, 4కే అన్న పేరూ దక్కింది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె. 1080పీ ఫ్రేములో 20,73,600 పిక్సెళ్ళుంటే 4కే ఫ్రేములో సరిగ్గా దానికి నాలుగు రెట్లు. చేతిలో ఉన్న పిడికెడు గింజలనే నాలుగింతల పొలంలో చల్లితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: తల తిప్పినప్పుడల్లా ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. ఆ 3 మెగాబిట్లే 720పీకి ఇస్తే కనుబొమ్మలు కనుబొమ్మల్లా ఉండేవి. కానీ 720 అని నలుగురిలో ఎలా చెప్పుకుంటాం?

30 ఫ్రేములతో తీసినదాన్ని 60కి మార్చడం, 720లో తీసినదాన్ని 4కేకి సాగదీయడం కూడా మన శాఖలోవే. లేని వివరం వాటివల్ల పుట్టదు. ఫైలు మాత్రం కచ్చితంగా పుడుతుంది.

బిట్‌రేటు కాకుండా నాణ్యత ఎంత కావాలో చెప్పే సీఆర్‌ఎఫ్ అనే కొత్త మతం ఒకటుంది. వీడియోను కుదించే ఎక్స్264 అనే ఎన్‌కోడరులో ఇది 0 నుంచి 51 వరకు వెళ్ళే అంకె. తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. గరిష్ఠవాదిని అవమానించడానికే ఇలా తలకిందులుగా పెట్టి ఉంటారు. మనమేమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. ఆరు మెట్లు దిగితే ఫైలు దాదాపు రెట్టింపు, ఆరు ఎక్కితే దాదాపు సగం. ఈ పద్ధతిలో ఏ సీనుకు ఎన్ని బిట్లు కావాలో ఎన్‌కోడరే తేల్చుకుంటుంది. కదలని స్లయిడ్ల పక్కన నిలబడి పాఠం చెప్పే మనిషికి 1080పీలో కూడా ఒక మెగాబిట్ లోపే సరిపోవడం మామూలే. వాన, నీటి నురగ, గాలికి ఊగే ఆకులు, చీకట్లో తీసిన వీడియోలో చీమల్లా పాకే నాయిస్ మాత్రం ఎంత ఇచ్చినా తాగేస్తాయి. ఎన్‌కోడరు బతుకుతెరువంతా ‘ఇందాకటి ఫ్రేములో ఉన్నదే ఇక్కడా ఉంది’ అని చెప్పి తప్పించుకోవడంలో ఉంది మరి. నాయిస్ ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకలా ఉండదు, తప్పించుకునే దారి దొరకదు. అందుకని ఎన్‌కోడ్‌కు ముందు కాస్త డీనాయిస్ చేస్తే, అంటే ఆ చీమలను తుడిస్తే, వెనక గోడమీది చీమలకు పోయే బిట్లు ముఖానికి మిగులుతాయని అంటారు. మనం చెయ్యం. చీమలకు కూడా 4కే దక్కాలి.

అన్ని చిత్రాలకూ ఒకే బిట్‌రేట్ల పట్టిక వాడకుండా, ఒక్కో చిత్రానికీ దాని తీరును బట్టి వేరే పట్టిక తయారు చేస్తున్నామని నెట్‌ఫ్లిక్స్ 2015 డిసెంబరులో ప్రకటించింది. అంత పెద్ద సంస్థకు స్లయిడరును కుడివైపు లాగడం చేతకాకపోవడం విచారకరం.

ఆ సీఆర్‌ఎఫ్ మతస్థులు చేసే తంతు కూడా చెప్పాలి. మొత్తం వీడియోలో ఎక్కువ కదలిక ఉన్న ముప్పై సెకన్లు, ఎక్కువ చీకటి ఉన్న ముప్పై సెకన్లు కోసుకుంటారు. వాటిని 20, 23, 26 అంకెలతో మూడుసార్లు ఎన్‌కోడ్ చేసి ఒకసారి ఫోనులో, ఒకసారి పెద్ద తెరమీద చూస్తారు. నీడల్లో మెట్లుమెట్లుగా చారలు పడుతున్నాయా, జుట్టు ముద్దయిందా, తెరమీది చిన్న అక్షరాల అంచుల్లో మసక ఉందా అని వెతుకుతారు. తేడా కంటికి ఆనని అంకెల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఖాయం చేస్తారు. దానిపైన ఒక కళ్ళెం: వాన సీను రాగానే బిట్‌రేటు ఎగిరిపోకుండా గరిష్ఠం 5 మెగాబిట్లు, బఫరు (ప్లేయరు ముందుగా నింపుకునే నిల్వ) 10 మెగాబిట్లు అని కట్టేస్తారు. సగటు 3 ఉన్న ఫైలు ఒక్క సీనులో 15కి లేస్తే సరిగ్గా అక్కడే ప్రేక్షకుడి నెట్ చేతులెత్తేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్తట. ఇంత చేసేసరికి గంట పడుతుంది. మనకు స్లయిడరు లాగడానికి ఒక సెకను చాలు. మిగతా సమయమంతా అప్‌లోడుకు కేటాయించవచ్చు.

ఎంపీ4 ఫైలులో మూవ్ ఆటమ్ అనే విషయసూచిక ఉంటుంది. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పేది అదే. అన్నీ రాయడం పూర్తయితే గానీ సూచిక తయారవదు కనుక మామూలుగా ఫైలు చివరన అంటుకుంటుంది. ఫైలులో అడిగిన ముక్కను సర్వరు విడిగా ఇవ్వగలిగితే ప్లేయరు చివరికి పరిగెత్తి దాన్ని తెచ్చుకుంటుంది. లేకపోతే ఫైలు మొత్తం దిగాకే మొదటి ఫ్రేము. ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షను పెడితే సూచిక ముందుకొస్తుంది. మళ్ళీ ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు, నాణ్యత ఆవగింజంత తగ్గదు. అయినా మనం పెట్టం. 3,750 మెగాబైట్లు దిగేదాకా ఎదురుచూడగలిగినవాడే నిజమైన అభిమాని.

కీఫ్రేముల, అంటే వేరే ఫ్రేము మీద ఆధారపడకుండా తమంతట తాము పూర్తిగా ఉండే ఫ్రేముల, సంగతీ ఇంతే. ఎక్స్264 తనంతట తాను 250 ఫ్రేముల దాకా కొత్త కీఫ్రేము పెట్టకుండా ఉండగలదు. 25 ఫ్రేముల వీడియోలో అంటే పది సెకన్లు. ముక్కలుగా పంపే స్ట్రీమింగులో ప్రతి ముక్కా కీఫ్రేముతోనే మొదలవాలి, నాణ్యత మారేదీ ముక్క మారేచోటే. రెండు సెకన్లకొకటి పెడితే ఫైలు కాస్త పెరుగుతుంది, ప్లేయరు మాత్రం నెట్ తగ్గగానే చప్పున కింది మెట్టుకు దిగగలుగుతుంది. విచిత్రమేమిటంటే, ఫైలు పెరిగే ఈ ఒక్కచోట మాత్రం గరిష్ఠవాదులు పట్టించుకోరు.

ఇక సిసలైన కళ. వీడియో వేదికలు మనం ఇచ్చిన ఫైలును ఎలాగూ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తాయి. అక్కడికి పంపేది ముడిసరుకు కనుక ధారాళంగా ఉంటే తప్పులేదు. 1080పీకి 30 ఫ్రేములయితే 8 మెగాబిట్లు, 60 అయితే 12 అని యూట్యూబే చెబుతోంది. సొంత వెబ్‌సైటులో నేరుగా పెట్టే ఫైలును మాత్రం మధ్యలో ఎవరూ ముట్టుకోరు, ఉన్నదున్నట్టు ప్రేక్షకుడి ఫోనుకే చేరుతుంది. మన సంప్రదాయం దీన్ని చక్కగా తిరగేసింది. సొంత సైటుకు 50 మెగాబిట్ల ఫైలు, వేదికకు నాలుగు ఫోన్లు మారి ప్రతిచోటా నలిగివచ్చిన కాపీ. రెండుచోట్లా బొమ్మ బాగాలేకపోతే తప్పు నెట్‌ది.

ఎన్‌కోడరు ఎంత తీరిగ్గా పనిచేయాలో చెప్పే ప్రీసెట్లలో అల్ట్రాఫాస్ట్ నుంచి వెరీ స్లో దాకా వెళ్ళాక, చిట్టచివర ప్లసీబో అని ఒకటుంది. వెరీ స్లో కంటే మెరుగు ఒక శాతం, పట్టే సమయం చాలా రెట్లు. తయారుచేసినవాళ్ళే దానికి ఉత్తుత్తి మందు అని పేరు పెట్టినా అది ఎంచుకునేవాడి నిష్ఠను మెచ్చుకోవాలి. అదే నిష్ఠతో లైవ్‌లో అప్‌లోడు వేగం 10 మెగాబిట్లు ఉంటే బిట్‌రేటు 9.8 పెడతారు. 6, 7 దగ్గర ఆపితే మిగిలిన సందు ఒడుదొడుకులకు పనికొస్తుందన్నది పిరికిమాట. ఫ్రేములు రాలిపోవడంలో ఒక సౌందర్యం ఉంది.

ధ్వని సంగతి ఈ పెట్టెలో అడుగున ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ వెళ్ళరు. మాటలకు ఏఏసీ అనే ధ్వని కుదింపు పద్ధతిలో 128 కిలోబిట్లు బ్రహ్మాండంగా సరిపోతాయి, మోనో అయితే 64 చాలు. మొత్తం ఫైలులో అది చిల్లర. కానీ మైకు మనిషికి పది అడుగుల దూరంలో ఉంటే ఏ కిలోబిటూ కాపాడదు. బొమ్మ మసకైనా సర్దుకునే ప్రేక్షకుడు మాట వినపడకపోతే మాత్రం లేచిపోతాడు. వినపడితే చేసే పని ఇంకా దారుణం. పాఠం ఎలాగూ చెవులకే కదా అని ఫోనును బల్లమీద బోర్లా పెట్టి తన పని తాను చేసుకుంటాడు. ఆ 50 మెగాబిట్ల 4కే బొమ్మను గంటసేపు బల్ల చూస్తుంది.