ఆటోమేటిక్ అప్‌డేట్ గారి సముఖమునకు

మహారాజశ్రీ ఆటోమేటిక్ అప్‌డేట్ గారికి, కడప నుంచి ఒక టాబ్లెట్ యజమాని నమస్కరించి వ్రాసుకొన్న మనవి.

ఇక్కడ మేమందరమూ క్షేమము. తమరు కూడా క్షేమంగానే ఉన్నారని, పైగా నానాటికీ ఒళ్లు చేస్తున్నారని, మా టాబ్లెట్‌లో తరిగిపోతున్న ఖాళీ జాగాను బట్టి తెలుసుకొంటున్నాము.

తమరి నియమనిష్ఠలు మేము ఎరుగనివి కావు. యాప్‌లను తమంతట తామే మార్చడానికి తమరు సాధారణంగా మూడు షరతులు చూసుకొంటారు: పరికరం ఛార్జింగ్‌లో ఉండాలి, వైఫై అంది ఉండాలి, దానిని ఎవరూ వాడుతూ ఉండకూడదు. రాత్రంతా ఛార్జర్‌కు వేలాడే ఫోన్ల విషయంలో ఇది ఎంతో మర్యాద గల పద్ధతి. యజమాని నిద్రలో ఉండగా వచ్చి, పని చక్కబెట్టుకొని, తెల్లవారేలోగా వెళ్లిపోతారు. మా టాబ్లెట్ సంగతి వేరు. అది ఏడాదిలో అధిక భాగం బీరువాలో, పట్టుచీరల నడుమ, నాఫ్తలీన్ ఉండల వాసన పీల్చుకొంటూ స్విచాఫ్ అయి ఉంటుంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఉదయం 10 గంటలకు విడుదలయ్యే రోజున మాత్రమే, పెద్ద తెర మీద అయితే పేర్లూ ఆధార్ నంబర్లూ తప్పు పోకుండా కొట్టవచ్చునన్న ఒకే ఒక్క ఆశతో, దానిని బయటికి తీస్తాము.

ఇక ఆ ఉదయం తమరి వైభవం చూడాలి. బ్యాటరీ అడుగంటి ఉంటుంది కనుక ఛార్జర్ పెడతాము. ఒక షరతు తీరింది. టికెట్ల కోసమే గదా అని వైఫై పెడతాము, రెండవదీ తీరింది. మా ఆవిడ అందరి ఆధార్ కార్డులూ వెదికి తెచ్చేదాకా టాబ్లెట్ బల్ల మీద ఊరికే పడి ఉంటుంది, మూడవదీ తీరిపోయింది. ఇంతకన్నా శుభముహూర్తం తమరికి ఏ పంచాంగంలో దొరుకుతుంది? కీబోర్డు, మ్యాపులు, వాతావరణం, మా మేనల్లుడు ఏ వేసవి సెలవుల్లోనో ఎక్కించి మరిచిపోయిన క్రికెట్ ఆట, అన్నీ ఒక్కసారిగా దిగుమతి కావడం మొదలుపెడతాయి. ఆ ఆటకు కొత్త స్టేడియాలు ఆ పది నిమిషాల్లోనే రావలసిన అగత్యమేమిటో తమరే సెలవివ్వాలి. ఇంతలో సిస్టమ్ తరఫున తమరి పెద్దన్నగారు వేంచేస్తారు. "రీస్టార్ట్" అన్న మీట సరిగ్గా వేలు పడే చోటనే వెలుస్తుంది. తెర నల్లబడి, గుండ్రని గుర్తు ఒకటి తిరుగుతూ, 84 యాప్‌లలో 17వ దానిని సిద్ధం చేస్తున్నామని చల్లగా చెబుతుంది.

"ఏం రా, స్వామి దొరికినాడా?" అని వంటింట్లో నుంచి మా అమ్మ.

"లేదుమా, పదిహేడో యాప్ దగ్గర నిలబడినాను."

మా దేవుని కడపను తిరుమలకు తొలిగడప అంటారు. అక్కడి స్వామికి మొక్కి కొండకు బయలుదేరడం ఇక్కడి పెద్దల ఆచారం. ఆ రెంటికీ మధ్య తమరు ఇంకొక గడప కట్టుకొని కూర్చొన్నారు.

తమరు అక్కరలేదని మేము అనడం లేదు. లోపాలు పూడ్చని పరికరంలో ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు కొట్టడం తెలివితక్కువ పని అని మాకూ తెలుసు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0తో మొదలుపెట్టి, సిస్టమ్‌కు రెండు భాగాలు ఉంచి, ఒకటి వాడుకలో ఉండగానే రెండవదానిలో కొత్తది అమర్చే ఏర్పాటు కూడా కొన్ని పరికరాలకు చేశారని విన్నాము. మా టాబ్లెట్ ఆ భాగ్యానికి నోచుకోలేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చి లేచినప్పుడు అది తేదీని 1970 జనవరి 1 అని చూపుతుంది. కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టేది ఆ రోజు నుంచేనట. తేదీ సరిచేసేదాకా ఏ సైటు భద్రతా పత్రమూ చెల్లదు, ఏ పేజీ తెరుచుకోదు. ఆ లెక్కన మేము దర్శనానికి అర్ధశతాబ్దం ముందే క్యూలో నిలబడినట్టు.

కనుక ఇకపై జరగబోయేది తమరికి ముందుగానే తెలియపరుస్తున్నాము. టికెట్ల ముందురోజు సాయంత్రమే టాబ్లెట్‌ను బయటికి తీసి, తేదీ సరిచూసి, ఛార్జర్‌కూ వైఫైకీ తగిలించి, రాత్రి భోజనాల తరువాత తమరికి అప్పగిస్తాము. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసుకొన్నా అడిగేవారుండరు. మరునాటి ఉదయం మాత్రం ఇంటి వైఫైని సెట్టింగులలో "మీటర్డ్" అని మార్చేస్తాము, లేదా నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తాము. లెక్కపెట్టి వాడుకొనే డేటా కనబడితే తమరు మొహమాటపడి వెనక్కి తగ్గుతారని తెలిసింది. మొహమాటం చాలకపోతే ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపే వెసులుబాటు ఎటూ ఉంది. పని ముగిశాక సగం ఛార్జింగ్‌తో కింది గదిలోని బీరువాలో పెడతాము, ఎందుకంటే లిథియం బ్యాటరీకి ఖాళీ కడుపూ పడదు, నిండు కడుపుతో కడప ఎండాకాలపు మేడగదీ పడదు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: ఈ లేఖకు జవాబుగా "తరువాత గుర్తుచేయి" నొక్కవద్దని ప్రార్థన. ఆ మీట మాది.