లాము వీధుల్లోకి జేసీబీ ఎప్పుడు?

కెన్యా ఉత్తర తీరంలోని లాము దీవికి వెళ్లొచ్చినవాళ్లంతా అక్కడి రేవు పట్టణాన్ని తెగ పొగుడుతున్నారు. ఎవరో ఒకరు నిజం చెప్పాలి కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను. 700 ఏళ్లుగా జనం కాపురం ఉంటున్న ఊరది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రోడ్ల వెడల్పు జరగలేదు!

పాత ఊళ్లో కొన్ని సందులు ఎంత ఇరుకంటే, బరువుతో రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. ఇక కారు మాట ఎత్తే పనే లేదు. విమానం దిగేది పక్కనున్న మాండా దీవిలో, అక్కణ్ణుంచి పడవ. బస్సులో వచ్చినా మొకోవే రేవు దగ్గర దిగి పడవ ఎక్కాలి. అంటే ఎంత ఉన్నవాడైనా కొత్త కారును ఇంటి ముందు పెట్టి పక్కింటివాడికి చూపించుకునే వీల్లేదు. మరి పిల్లనిచ్చేవాళ్లు కుర్రాడి స్థోమత ఎలా తెలుసుకుంటారు? వెనకటికి ఇంటి తలుపు మీది చెక్కడం చూసి అంచనా వేసేవారట. తలుపుకు ఈఎంఐ ఉండదు. ఇక ఆర్థిక వ్యవస్థ ఎలా ముందుకు పోతుంది?

ఇళ్లు పగడపు రాయితో కట్టినవి. పైకప్పుకు మడచెట్ల దూలాలు. ఆ దూలం ఎంత పొడవు దొరికితే గది అంత వెడల్పు. ప్లాను గీసింది ఇంజినీరు కాదు, వాస్తు పండితుడూ కాదు, చెట్టు. పైగా గోడలు మందం, సందులు ఇరుకు, అందుకే మిట్టమధ్యాహ్నం కూడా వీధిలో నీడ. ఏసీల వ్యాపారం చేసేవాడు ఏం తిని బతకాలి? ఇళ్ల ముందు రాతి అరుగులొకటి, వాటిని బరాజా అంటారు. పనీపాటా అయ్యాక జనం అక్కడ చేరి కబుర్లాడుకుంటారు. మన ఊళ్లలో అరుగుల్ని ఎప్పుడో కొట్టేసి ఈ సమస్యను శాశ్వతంగా పరిష్కరించుకున్నాం.

సిమెంటు, ఇసుక, సామాను, అన్నీ గాడిదల వీపు మీదే. వాటికి 1987 నుంచి ఒక బ్రిటిష్ ధర్మసంస్థ ఉచితంగా వైద్యం చేస్తోంది. హారన్ లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ లేదు, చలానా లేదు. పేడ మాత్రం ఉంది, చూసుకుని నడవాలి. ఇక 1821 నాటికి పూర్తయిన కోట 1984 దాకా జైలుగా ఉండేది. ఆ తర్వాత మ్యూజియం చేశారు. ఖైదీలకు తిండి పెట్టి పోషించే చోట టూరిస్టుల దగ్గర టికెట్ వసూలు చేయడం, ఆ ఊరి మొత్తంలో నాకు నచ్చిన ఏకైక సంస్కరణ.

2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాతిల్లు పడగొట్టి ఫ్లాట్లు లేపుదామనుకునేవాడి ఆశ అంతటితో సరి. దగ్గర్లోని షేలా గ్రామంలో ఇళ్లు కొన్న విదేశీ సంపన్నులకు మాత్రం ఇది మహదానందం. ఇక్కడ ఏదీ మారకూడదని వాళ్ల కోరిక. తాము కొన్న ఇంట్లో ఈతకొలను తవ్వించుకోవడం మార్పు కిందకి రాదు.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేం. 2012 మార్చిలో కెన్యా, ఇథియోపియా, దక్షిణ సూడాన్ అగ్రనేతలు వచ్చి మాండా అఖాతంలో మహా రేవుకు శంకుస్థాపన చేశారు. ఓడలు ఆగే బెర్తులు మొత్తం 32 అని ప్లాను. మొదటిది 2021 మేలో తెరిచారు. బెర్తు సిద్ధం, ఇక ఓడలే తరువాయి అన్నట్టుగా గడిచాయి తొలి ఏళ్లు. చేపలు దొరికే చోట్లు పోయాయని జాలర్లు కోర్టుకెక్కారు, 2018లో నష్టపరిహారం ఇమ్మని తీర్పూ వచ్చింది. ఆ దగ్గర్లోనే 1,050 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడదామంటే స్థానికులు అదీ పడనివ్వలేదు. జనాన్ని సరిగా సంప్రదించలేదంటూ 2019 జూన్‌లో పర్యావరణ ట్రిబ్యునల్ లైసెన్సు రద్దు చేసింది. జనాన్ని సంప్రదించడం మొదలుపెడితే ఏ దేశంలో ఏ ప్రాజెక్టు పూర్తవుతుందండీ?

కాబట్టి ముందు వీధుల సంగతి తేల్చాలి. కొలతలు తీసి, చెక్కిన తలుపుల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టాలి. చిక్కల్లా ఒక్కటే. వీధి వెడల్పు చేయాలంటే జేసీబీ లోపలికి రావాలి, జేసీబీ రావాలంటే వీధి వెడల్పుగా ఉండాలి. దాన్ని విప్పి, ముక్కలుగా గాడిదల మీద తరలించవచ్చని నా సూచన. సిమెంటు బస్తాకైతే గాడిదలవాళ్లు రేటు చెబుతారు. జేసీబీ తొట్టికి ఎంతడుగుతారో మరి, బేరమాడాలి.