12 శాతం సుంకం ఎవరికి, విశాఖ ఉక్కుకు దక్కేదెంత?

విదేశీ ఉక్కుపై కేంద్రం సుంకం వేసిందంటే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది విశాఖ ప్లాంటే. చైనా సరుకు తగ్గితే మన ప్లాంటు ఊపిరి పీల్చుకుంటుందని అనుకోవడం సహజం. అయితే 2025 ఏప్రిల్ 21న కేంద్రం విధించిన 12 శాతం సేఫ్‌గార్డ్ డ్యూటీ (దిగుమతుల వెల్లువ నుంచి దేశీయ పరిశ్రమను కాపాడేందుకు కొంతకాలం వేసే అదనపు సుంకం) మొత్తం ఉక్కు మీద కాదు, ఫ్లాట్ స్టీల్ మీద. అంటే హాట్ రోల్డ్ కాయిళ్లు, ప్లేట్లు, కోల్డ్ రోల్డ్ షీట్లు, జింకు పూత రేకులు, రంగు రేకులు. విశాఖలో ప్రధానంగా తయారయ్యేవి టీఎంటీ కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానళ్లు. సుంకం పడిన సరుకు వేరు, విశాఖ అమ్మే సరుకు వేరు.

అసలు ఈ సుంకం ఎందుకొచ్చిందో చూద్దాం. 2024లో చైనా ఎగుమతి చేసిన ఉక్కు 11 కోట్ల టన్నులు దాటింది. విశాఖ సామర్థ్యం 73 లక్షల టన్నులు. అలాంటి ప్లాంట్లు 15 ఏడాది పొడవునా పూర్తిగా నడిస్తే వచ్చేంత సరుకు అది. చైనాలో ఇళ్ల నిర్మాణం పడిపోయింది, మిల్లులు మాత్రం ఆగలేదు. అమెరికా, యూరప్ తలుపులు మూసే కొద్దీ ఆ సరుకు మిగిలిన దేశాల మీద పడుతుంది. 2024-25లో మన దేశానికి దాదాపు 95 లక్షల టన్నుల ఫినిష్డ్ స్టీల్ దిగుమతి అయింది. ఎగుమతుల కన్నా దిగుమతులే ఎక్కువ కావడం అది వరసగా రెండో ఏడాది.

చర్చలో ఎప్పుడూ చైనా పేరే వినిపిస్తుంది గానీ కొరియా, జపాన్‌ల వాటా కూడా పెద్దదే. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల వల్ల ఆ రెండు దేశాల ఉక్కుకు మామూలు 7.5 శాతం కస్టమ్స్ డ్యూటీ వర్తించదు. సేఫ్‌గార్డ్ డ్యూటీ మాత్రం వాటికీ వర్తిస్తుంది. దేశీయ కంపెనీలు దీనికోసం అంతగా పట్టుబట్టడానికి అదొక ముఖ్య కారణం. తాత్కాలిక సుంకం గడువు 200 రోజులు. అది 2025 నవంబరులో ముగిసింది. ఆ ఏడాది చివర్లో కేంద్రం దాన్ని 2025 ఏప్రిల్ నుంచే లెక్కించి మూడేళ్లకు ఖరారు చేసింది: మొదటి ఏడాది 12 శాతం, రెండో ఏడాది 11.5, మూడో ఏడాది 11.

సుంకం విదేశీ సరుకు మీదే కదా, మన కంపెనీల ధర ఎందుకు పెరగాలి అని చాలామంది అడుగుతారు. మన మిల్లులు ధర పెట్టేది తమ ఖర్చు చూసుకుని మాత్రమే కాదు. విదేశీ కాయిల్ ఓడరేవులో దిగేసరికి ఎంత పడుతుందో చూసి, దానికి కాస్త అటూ ఇటూగా పెడతాయి. సుంకం ఆ గీతను పైకి జరుపుతుంది. దిగుమతి సరుకు ఒక్క కిలో కొనని వ్యాపారికి కూడా ఆ భారం తగులుతుంది. అయితే ఎప్పుడూ 12 శాతమూ పెరగదు. 2025 వేసవిలో ధర ఎగబాకింది గానీ, మిల్లుల మధ్య పోటీ వల్ల తర్వాత కిందికి దిగింది. సుంకం కొత్త గరిష్ఠ పరిమితిని ఇస్తుంది, ధర అక్కడికి చేరుతుందా లేదా అన్నది గిరాకీ తేలుస్తుంది.

మరి ఈ భారం మోసేదెవరు? హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్‌లలో షీట్ కోసి, వంచి, ప్రెస్ చేసి పెద్ద కంపెనీలకు విడిభాగాలు ఇచ్చే చిన్న యూనిట్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు. బీరువాలు, కూలర్లు చేసేవాళ్లు. కొనేవాడితో పాత రేటుకే ఒప్పందం కుదిరి ఉంటుంది, కాయిల్ రేటు మాత్రం కొత్తది. ఎగుమతిదారులు సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకునే పథకం ఉంది, కానీ ఆ కాగితాల పని, ఒకేసారి అంత సరుకు తెప్పించుకునే పెట్టుబడి పదిమంది పనిచేసే షెడ్డుకు ఎక్కడివి?

అమెరికా ఈ అనుభవం మనకన్నా ముందే చూసింది. ట్రంప్ 2018 మార్చిలో ఉక్కుపై 25 శాతం సుంకం వేశారు. ఆ ఏడాది వేసిన సుంకాలన్నిటినీ కలిపి పరిశీలించిన అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తలు, ముడిసరుకు ధరలు, ఎదురు సుంకాల దెబ్బతో తయారీ రంగంలో మొత్తం మీద ఉద్యోగాలు తగ్గాయని 2019లో తేల్చారు. ఉక్కు రంగంలో వచ్చిన ఒక్కో ఉద్యోగానికి ఉక్కు వాడేవాళ్లు కట్టిన మూల్యం ఏడాదికి 9 లక్షల డాలర్లని అక్కడి పరిశోధన సంస్థ పీటర్సన్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. ఉక్కు సుంకానికి జవాబుగా మన దేశం కూడా 2019 జూన్‌లో అమెరికా ఆపిల్, బాదం, అక్రోట్ల మీద ఎదురు సుంకాలు వేసింది. వాటిని 2023లో తీసేసినప్పుడు అభ్యంతరం చెప్పింది హిమాచల్, కశ్మీర్ ఆపిల్ రైతులు. అమెరికా ఉక్కు నగరం పిట్స్‌బర్గ్ మిల్లుల కోసం మొదలైన గొడవ సిమ్లా తోటల దాకా వచ్చిందన్నమాట.

ఇంత తెలిసీ ట్రంప్ 2025 మేలో పిట్స్‌బర్గ్ పక్కన ఉన్న యూఎస్ స్టీల్ మిల్లులోనే సభ పెట్టి, సుంకాన్ని 50 శాతానికి పెంచుతున్నట్టు ప్రకటించారు. రాజకీయంగా అది తెలివితక్కువ పనేమీ కాదు. ఉక్కు మిల్లుకు ఒక ఊరు, ఒక యూనియన్, ఓట్లు నిర్ణయాత్మకమైన ఒక రాష్ట్రం ఉంటాయి. రేకు ధర పెరిగి పని పోగొట్టుకున్నవాడికి ఆ పని ఎందుకు పోయిందో కూడా తెలియదు. ఈ లెక్క తప్పిన సందర్భం ఒకటుంది. అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ 2002 మార్చిలో 30 శాతం దాకా వేసిన సుంకాలను 2003 డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడిపోవడమే కాదు, ఫ్లోరిడా నారింజల మీద సుంకం వేస్తామని యూరప్ బెదిరించింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలు. నష్టానికి ఒక అడ్రస్ దొరికేసరికి సుంకం పోయింది.

మన దగ్గర అలాంటి అడ్రస్ ఇంకా లేదు. ఉక్కు కంపెనీలకు ఇండియన్ స్టీల్ అసోసియేషన్ ఉంది, దరఖాస్తు పెట్టింది, వాదించింది, గెలిచింది. అందులో నాకు తప్పేమీ కనిపించదు. చైనా ధరలతో మన మిల్లులు దెబ్బతింటున్నాయన్నది నిజమే, మూడేళ్ల రక్షణ అన్యాయమూ కాదు. నా అభ్యంతరమల్లా ఆ రక్షణకు బదులుగా ప్రభుత్వం ఏ హామీ తీసుకోకపోవడమే. చిన్న యూనిట్లకు ఫలానా ధరకు ఇంత సరుకు ఇవ్వాలన్న షరతు పెట్టి ఉండొచ్చు.

విశాఖ విషయానికొస్తే దాని కష్టం ఓడరేవులో లేదు, గనుల్లో ఉంది. సొంత ఇనుప గనులు లేవు, ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనాలి, ఉక్కు తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గును విదేశాల నుంచి తెచ్చుకోవాలి. 2025 జనవరిలో కేంద్రం ఇచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీ అప్పుల ఒత్తిడిని తగ్గించిందే తప్ప గనిని ఇవ్వలేదు. ఇక అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర కొత్త ప్లాంటు ప్రతిపాదించిన ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్, గుజరాత్‌లోని హజీరాలో తయారుచేసేది ఫ్లాట్ స్టీలే. ఈ సుంకం వల్ల లాభపడే కంపెనీల్లో అదీ ఒకటి. ఉత్తరాంధ్రలో ఈ రెండు ప్లాంట్ల గురించి జరుగుతున్న వాదనలో ఈ తేడా ఎక్కడా ప్రస్తావనకు రావడం లేదు.

సేఫ్‌గార్డ్ డ్యూటీ గడువు 2028 ఏప్రిల్‌లో ముగుస్తుంది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు ఏడాది దూరంలో ఉంటాయి. పొడిగింపుకు చట్టం వీలిస్తుంది, కంపెనీలు తప్పకుండా అడుగుతాయి. అప్పుడు జరిగే విచారణలో వాడకందారుల తరఫున ఎవరు హాజరవుతారో, ఎన్ని లెక్కలు పట్టుకొస్తారో బాలానగర్, ఆటోనగర్ సంఘాలు ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి.