సవరణ: హెచ్‌ఐవీతో జీవిస్తున్న పెద్దల మనోవేదన గురించి

చెన్నైలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న తెలుగు పెద్దల గురించి గత వారం ప్రచురించిన వ్యాసంలో ‘ఇంట్లోవాళ్లకు చెప్పుకుంటేనే మనసు తేలికపడుతుంది’, ‘ఈ వయసులో దిగులు సహజమే’ అన్న రెండు వాక్యాలకు బదులుగా ఈ వివరణను చదువుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాం.

తనకు హెచ్‌ఐవీ ఉందని ఇంట్లో చెప్పడమా మానడమా అన్నది పూర్తిగా ఆ వ్యక్తి ఇష్టం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, సమ్మతి లేకుండా ఆ సంగతిని బయటపెట్టకూడదనే చెబుతోంది. కోడలి కంటపడుతుందేమోనని మాత్రలను విటమిన్ సీసాలో పోసి, బీరువాలో చీరల మడతల వెనుక దాచుకునే అమ్మలున్నారు. అలాంటివారికి భజన మండలి అయినా, ఉదయపు నడక స్నేహాలైనా నిజమైన ఆసరాయే. నలుగురితో కలవడానికి రహస్యం విప్పడం షరతు కాకూడదు.

ఇక దిగులును వయసు మీదికి నెట్టేయడం వారికి అన్యాయం చేయడమే. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గితే అది చికిత్సతో తగ్గే డిప్రెషన్ కావచ్చు. ఒకప్పుడు హెచ్‌ఐవీకి విరివిగా ఇచ్చిన ఎఫావిరెంజ్ అనే మందు కొందరికి పీడకలలు తెచ్చింది. ఇప్పుడు వాడుతున్న డొలుటెగ్రావిర్‌తోనూ కొందరికి నిద్ర పట్టదు. మాత్ర మానేయకుండా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరుకు చెబితే, వేసుకునే వేళ మార్చడం వంటి మార్గాలు చూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.