మందులు అందుతున్నాయి సరే, పొద్దున లేచి వాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

మానసిక జబ్బుతో జీవిస్తున్న పెద్దవాళ్ల గురించి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎప్పుడు మాట వచ్చినా రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నాం. మందులు సరిగా వేసుకుంటున్నాడా, ఇంట్లో గొడవ చేయకుండా ఉంటున్నాడా? ఈ రెంటికీ అవునని జవాబు వస్తే మనిషి బాగుపడినట్టే లెక్కగట్టి, డాక్టరు తర్వాతి నెలకు చీటీ రాసిస్తారు, ఇంట్లోవాళ్లు తమ పనుల్లో పడిపోతారు. ఆ మనిషి పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునే దాకా ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ పని చేస్తున్నాడు, అతని కోసం ఎదురుచూసే చోటు ఒక్కటైనా ఉందా అని ఎవరూ అడగరు. అందుకే నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి, ఈ జబ్బుల్ని అనుభవించినవాళ్లే కలిసి నడుపుకునే పగటి కేంద్రాలు రావాలని, వాటికి చోటూ ఖర్చూ ప్రభుత్వమే చూడాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మా అన్నకు స్కిజోఫ్రీనియా ఉంది. ఆయన చదివి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో జబ్బు బయటపడినప్పుడు మా పెద్దవాళ్లు మొదట కసుమూరు దర్గాకు తీసుకెళ్లారు, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చేయించారు, ఆ తర్వాతే రైలెక్కించి చెన్నైలో డాక్టరుకు చూపించారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ చోట్ల కనీసం ఎవరూ మా అన్నను చూసి పక్కకు జరగలేదు. మందులు బాగానే పనిచేశాయి, చెవిలో మాటలు వినిపించడం తగ్గింది, నిద్ర పట్టింది. ఇప్పుడాయన పొద్దున్నే టిఫిన్ చేసి వరండాలో కూర్చుని పేపరును టెండరు ప్రకటనలతో సహా చదువుతాడు. పదకొండు గంటలకు పేపరు అయిపోతుంది, దాంతో ఆ రోజుకు ఆయనకున్న పనీ అయిపోతుంది. సాయంత్రం కావలిలో మా వీధి చివర టీ కొట్టుకు ఇద్దరం కలిసి వెళితే, కొట్టతను నా ముఖం చూసి "ఆయనకు చక్కెర వేయమంటారా?" అని అడుగుతాడు. డబ్బులు అన్న ఇచ్చినా చిల్లర నా చేతిలో పెడతాడు. అతను చెడ్డవాడేమీ కాదు, ఊళ్లో అందరూ చేసేదే అతనూ చేస్తున్నాడు. కానీ ఏళ్ల తరబడి రోజూ ఇలా జరిగితే, మందులు తిరిగి నిలబెట్టిన మనిషి తనంతట తానే మాట్లాడటం మానేస్తాడు. ఏ మందుబిళ్లా దీన్ని సరిచేయలేదు.

ఇది మా ఇంటికి మాత్రమే పరిమితమైన బాధ కాదు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ కొరతను తగ్గించడానికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, పెద్దాసుపత్రుల్లో ఓపీ ఉంది, 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో ఫోన్లోనే మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ ఉంది. ఇవన్నీ అవసరమైనవే, వీటి విలువను నేను తగ్గించడం లేదు. అయితే ఇవన్నీ జబ్బు ముదిరినప్పుడో, మందు అయిపోయినప్పుడో ఆదుకునే ఏర్పాట్లు. మిగతా రోజుల మాట ఏమిటి? 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 19వ సెక్షను, మానసిక జబ్బు ఉన్న ప్రతి వ్యక్తికీ సమాజంలో భాగంగా, వేరు చేయబడకుండా జీవించే హక్కు ఉందని స్పష్టంగా చెబుతోంది. ఆసుపత్రితోబాటు సమాజంలోనే పునరావాస సేవలు ఏర్పాటు చేయాల్సిన బాధ్యతను 18వ సెక్షను ప్రభుత్వం మీదనే పెట్టింది. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని అనుభవించడానికి వెళ్లాల్సిన గడప మాత్రం మన రెండు జిల్లా కేంద్రాల్లో కనిపించడం లేదు.

నేను కోరుతున్నది కొత్త ఆలోచన కూడా కాదు. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ మానసిక వైద్యశాలలో ఉన్న కొందరు రోగులు లోపలే ఒక బృందంగా ఏర్పడ్డారు. విడుదలయ్యాక కూడా విడిపోకుండా, కూర్చోవడానికి వేరే చోటు లేక నగర పబ్లిక్ లైబ్రరీ మెట్ల మీద కలుసుకునేవారు. దాతల సాయంతో 1948లో వాళ్లకు సొంత భవనం సమకూరింది. పెరట్లో నీళ్లు చిమ్మే ఫౌంటెన్ ఉండటంతో దానికి ఫౌంటెన్ హౌస్ అని పేరు పెట్టుకున్నారు. క్లబ్‌హౌస్ అనే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుని, ఈనాడు ముప్పైకి పైగా దేశాల్లో 300కు పైగా కేంద్రాలుగా నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి సేవలకు ఉదాహరణలుగా చూపినవాటిలో హాంకాంగ్‌లోని ఒక క్లబ్‌హౌస్ ఉంది, చాలాకాలం ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్లు ఊళ్లో మామూలు ఇళ్లలో కలిసి బతికేలా మన చెన్నై సంస్థ నడిపే 'హోమ్ ఎగైన్' ఉంది, గుజరాత్‌లో ఊరివాళ్లే కార్యకర్తలుగా పనిచేసే 'ఆత్మీయత' కూడా ఉంది.

ఈ పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఏమిటంటే, అక్కడికి వచ్చినవాళ్లను రోగులు అనరు, సభ్యులు అంటారు. సభ్యత్వానికి గడువు లేదు, ఆరు నెలలు రాకపోయినా పేరు కొట్టేయరు. అక్కడ మందులివ్వరు, చికిత్స చేయరు, వాటికి ఆసుపత్రి ఎలాగూ ఉంది. జీతానికి పనిచేసే సిబ్బందిని కావాలనే తక్కువగా పెట్టుకుంటారు, సభ్యులు చేయి వేయకపోతే ఆ రోజు వంట కాదు, ఫోన్లు మోగుతూనే ఉంటాయి, లెక్కలు తేలవు. అంటే మనిషి అవసరం నిజంగానే ఉంటుంది, ఊరికే కూర్చోబెట్టి కాగితం పూలు చేయించడం కాదు. రెండు మూడు రోజులుగా రాని సభ్యుడికి ఇంకో సభ్యుడే ఫోన్ చేసి పలకరిస్తాడు. జబ్బు తిరగబెట్టబోతున్న సంగతి చాలాసార్లు ముందుగా తెలిసేది ఇలాంటి పలకరింపులోనే, ఎందుకంటే నిద్ర పట్టని రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాడు "పడుకున్నావా?" అని అడిగితే వచ్చే జవాబు వేరు, మనం అడిగితే వచ్చే జవాబు వేరు.

మన దగ్గర ఇది ఎలా ఉండాలో కూడా చెబుతాను. ఆసుపత్రి ఆవరణలో ఉండకూడదు, బస్టాండుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి, ఎందుకంటే ఆత్మకూరు నుంచో సింగరాయకొండ నుంచో వచ్చేవాళ్లకు ఆటో ఖర్చే పెద్ద అడ్డంకి. మధ్యాహ్న భోజనం సభ్యులే వండుకోవాలి. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి స్లాటు తీయడం, పింఛను దరఖాస్తు నింపడం, బ్యాంకు ఖాతా తెరవడం లాంటివి ముందు చేసి వచ్చిన సభ్యుడు కొత్త సభ్యుడి వెంట వెళ్లి చేయించాలి. ఉద్యోగాల విషయంలో క్లబ్‌హౌస్‌లు పాటించే పద్ధతిని ఇక్కడ తప్పక తేవాలి. యజమానితో కేంద్రమే మాట్లాడి రోజుకు కొన్ని గంటల పని కుదురుస్తుంది, సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల పాటు ఒక సభ్యుడు ఆ పని చేస్తాడు, ఏ రోజైనా అతను రాలేకపోతే సిబ్బందో మరో సభ్యుడో వెళ్లి ఆ పని పూర్తి చేస్తారు, జీతం మాత్రం అందరితో సమానం. ట్రంకు రోడ్డు మీద హోటళ్లు, మందుల షాపులు, జిరాక్స్ కొట్లు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. వాటిలో పదింటి యజమానులు ముందుకు వచ్చినా మొదలుపెట్టవచ్చు.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. జబ్బు మగవాడికి వస్తే భార్య మోస్తుంది, ఆడమనిషికి వస్తే చాలా ఇళ్లలో పుట్టింటికి పంపి తలుపు వేసేస్తారు. పుట్టింట్లో ఆమె అన్నావదినల మీద పడ్డ బరువుగా, ఇంటెడు చాకిరీ చేస్తూ కూడా ఏమీ చేయని మనిషిగా లెక్కలోకి వస్తుంది. ఆమెను పగటిపూట బయటికి పంపడానికి ఇంట్లోవాళ్లు వంద భయాలు చెబుతారు. అందుకే నిర్వహణ కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి, మొదటి నెలల్లో సభ్యురాళ్లు ఇళ్లకు వెళ్లి మాట్లాడి తోడుగా తీసుకురావాలి.

"జబ్బున్నవాళ్లను ఒకచోట చేర్చితే ఒకరిని చూసి ఒకరికి ఇంకా ముదురుతుంది" అని చదువుకున్నవాళ్లు కూడా నాతో వాదించారు. వాళ్లకు నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరిని గుర్తుచేస్తాను. తాగుడు వల్ల ఇల్లు గుల్లయిన ఆడవాళ్లు సాయంత్రం అక్షరాలు నేర్చుకోవడానికి ఒకచోట కూర్చున్నారు. వాళ్ల బాధ ముదరలేదు, ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకున్న బాధ అందరిదీ ఒకటేనని తెలిసింది. మన జిల్లాలో అలా మొదలైన సారా వ్యతిరేక ఉద్యమమే 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం దాకా వెళ్లింది.

నాకున్న అసలు భయం వేరు. ప్రభుత్వం సరేనని ఒక భవనం ఇచ్చి, టెండరు పిలిచి, బయట తాళం వేసే కేంద్రంగా దాన్ని మార్చేస్తే మనం అడిగింది మనకే శాపమవుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో తప్పించుకోలేక చనిపోయిన సంగతిని మరిచిపోయే హక్కు మనకు లేదు. కాబట్టి తలుపుకు బయట గడియ ఉండకూడదు, ఎవరూ ఎవరినీ బలవంతంగా తీసుకురాకూడదు, ఖర్చుల లెక్కలు సభ్యుల సమావేశంలో చదివి వినిపించాలి. జబ్బును అనుభవించినవాళ్లు చేసే పనిని సేవ అని పొగిడి ఊరుకోకుండా వాళ్లకు జీతం ఇవ్వాలి. వికలాంగుల పింఛను 2024లో ఆరు వేలకు పెరగడం చాలా ఇళ్లలో అన్నం పెడుతోంది, పనికి వెళితే ఆ పింఛను పోతుందేమోనని భయపడేవాళ్లకు అధికారులు లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి.

వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ కోరికలతో అర్జీ ఇస్తున్నాం. ఒంగోలులో కూడా అదే రోజు ఇవ్వడానికి అక్కడివాళ్లు ముందుకు వస్తే అర్జీ నకలు పంపిస్తాను. కుటుంబ సభ్యులు రండి, అంతకన్నా ముఖ్యంగా జబ్బుతో జీవిస్తున్నవాళ్లు రండి, సదరం సర్టిఫికెట్ లేకపోయినా ఫర్వాలేదు. అర్జీ మా అన్నే రాశాడు, అధికారి ముందు ఆయనే చదువుతానంటున్నాడు.