చికెన్ స్ట్రిప్స్ అంట!

నిన్న శ్రీశైలం నుంచి తిరిగొస్తూ దోమలపెంట దగ్గర టీకి ఆగాం. నేను, మా ఆవిడ, మా పదకొండేళ్ల 150 సీసీ బండి. పక్కన నాలుగు పెద్ద బళ్ళు వచ్చి ఆగాయి. ఒంటినిండా ప్యాడ్లు, హెల్మెట్ల మీద కెమెరాలు. వాళ్ళలో ఒక పిల్లాడు టీ గ్లాసు పట్టుకుని నా బండి వెనక్కి వెళ్ళి, వంగి టైరు చూశాడు. గాలి తగ్గిందేమో, చెబుతాడు కాబోలు, మంచి పిల్లాడే అనుకున్నా.

"అంకుల్, మీ టైరుకి ఇంతింత చికెన్ స్ట్రిప్స్ ఉన్నాయేంటి!" అని రెండు వేళ్ళు చూపించాడు. నలుగురూ ఒకటే నవ్వు. మా ఆవిడ పాపం టైరుకి నిజంగానే కోడి ఏదో అంటుకుందనుకుని కంగారుగా చూసింది. మల్లన్న దర్శనం చేసుకుని వస్తున్నాం మరి.

తెలియనివాళ్ళకి చెప్తా. టైరు మధ్యలో అరిగిపోయి, అంచుల్లో రోడ్డు తగలని పట్టీ మిగిలిపోతే దాన్ని అలా అంటారు. అంటే ఈయన మలుపుల్లో బండి వాల్చడానికి భయపడతాడు, పిరికివాడు అని. అవును బాబూ, భయమే. వెనక పెళ్ళాం, ఆవిడ ఒళ్ళో ప్రసాదం సంచి. మోకాలు రోడ్డుకి రాసుకునేలా వాల్చమంటావా?

అసలు మంట ఎక్కడంటే, ఇదే హీరో అరగంట ముందు డ్యాం దాటి పైకెక్కేటప్పుడు ఏం చేశాడో నేను చూశాను. ఎడమ మలుపు. నన్ను దాటేసి అదే స్పీడులో దూరాడు. బండి తిరగలేదు, గీత దాటి అవతలికి వెళ్ళిపోయింది. ఎదురుగా దిగుతున్న బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి అన్న మాటలు ఇక్కడ రాయలేను గానీ, నా తరఫున కూడా అన్నట్టే అనిపించింది. ఆ పిల్లాడి టైరుకి మాత్రం స్ట్రిప్స్ లేవు సుమా! అంచులదాకా అరగదీశాడు, కంగ్రాట్స్.

రేసుల్లో వాళ్ళు ఒళ్ళు మలుపు లోపలి వైపుకి వేలాడేసేది బండిని ఎక్కువ పడుకోబెట్టడానికని వీళ్ళ నమ్మకం. తిరగేసి అర్థం చేసుకున్నారు నాయనా. మనిషి బరువు లోపలికి జరిగితే అదే స్పీడులో బండి కాస్త తక్కువ వాలితే సరిపోతుంది, వాళ్ళ బాధ అది. పైగా అక్కడ ఎదురుగా బస్సు రాదు, గేదె అడ్డం రాదు, పడితే జారిపోకుండా ఆపడానికి కంకర పోసి ఉంటుంది. నల్లమలలో పడితే ఏముంటుంది? లోయ.

ఇంకోటి. కుడి మలుపులో వీళ్ళ టైరు గీతకి ఇవతలే ఉంటుంది, తలకాయ మాత్రం గీతకి అవతల ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ అద్దానికి సరిగ్గా అందే ఎత్తులో. "నేను నా లేన్‌లోనే ఉన్నాను కదా" అంటారు మళ్ళీ.

మలుపు తిరగడంలో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. లోపలికి వెళ్ళకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేసెయ్, గేరు తగ్గించెయ్. తల తిప్పి మలుపు చివర ఎక్కడుందో అక్కడికి చూడు. ఎడమకి పోవాలంటే ఎడమ చేత్తో హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నొక్కు, బండి దానంతటదే వాలుతుంది. రేజ్ సన్నగా పట్టి ఉంచు, దారి కనిపించాక పెంచు. 30లో తిరిగే మలుపుని 60లో తిరగాలంటే టైరుకి రెండింతలు కాదు, నాలుగింతలు పట్టు కావాలి. ఆ టైరు రోడ్డుని పట్టుకునేది ఎంత మేర? అరచేయంత కూడా ఉండదు. వాలి ఉండగా మధ్యలో భయమేసి ముందు బ్రేకు గట్టిగా లాగితే ఆ కాస్తా పోతుంది.

ఇక కార్లవాళ్ళ సంగతి. సరిగ్గా మలుపులోనే ఆపి, అద్దం దించి, కోతులకి అరటిపళ్ళు! పెట్టొద్దని బోర్డులు ఉంటాయి, ఆ బోర్డు కిందే పెడతారు. పుణ్యం వాళ్ళకి, తొక్క మీద జారేది మనం.

అయినా వీళ్ళని అని ఏం లాభం? మనకెవడు నేర్పాడు గనక. లైసెన్సుకి నన్ను ఎనిమిది కొట్టమన్నారు. మొదటి గేరులో, సగం క్లచ్ మీద, నత్తలా ఒక చుట్టు. ఆ సారు పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. 40లో మలుపు వస్తే ఏం చేస్తావని ఈ దేశంలో ఎవడూ ఎవణ్ణీ అడగడు.

అడిగి ఉంటే మా బావ దొరికిపోయేవాడు. ఇప్పుడు అనేస్తా, చదివితే చదవనీ. 2009లో ఇదే రోడ్డు, దోమలపెంట నుంచి డ్యాం వైపు దిగుతున్నాం. బావ నడుపుతున్నాడు, వెనక నేను. దిగుడు రాగానే ఇంజిన్ ఆపేసి న్యూట్రల్లో వదిలేశాడు. "పెట్రోలు మిగుల్తుంది రా బామ్మర్దీ." గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్లో మొత్తం భారం బ్రేకుల మీదే. డ్రమ్ము బ్రేకులు, రెండు కిలోమీటర్లకే కాలిన వాసన. "బావా, వాసనొస్తోంది" అన్నా. "అడవి రా, ఏదో కాలుస్తుంటారు" అన్నాడు.

తర్వాతి మలుపులో పిట్టగోడ కనబడింది. మా బావ దాన్నే చూశాడు. రోడ్డు అటు తిరుగుతోంది, ఆయన మాత్రం గోడ మీంచి చూపు తిప్పలేదు. ఎటు చూస్తే అటే పోతుంది బండి. పోయింది. ఆయనకి మోకాలు చెక్కుకుపోయింది, నాకు కాలర్ బోన్ విరిగింది.

పోనీ, పడ్డాం, బతికాం. కానీ ఆనాటి నుంచి ఏ పెళ్ళి జరిగినా, ఏ గృహప్రవేశం జరిగినా భోజనాల బంతిలో ఆయన కథ ఒక్కటే: "నేను తిప్పేసేవాణ్ణే, వీడు వెనక అటు వంగాడు." నేనా? నేను టెన్షన్‌తో బియ్యం బస్తాలా బిగుసుకుపోయి ఉన్నాను! వెనక కూర్చున్నవాడు నడిపేవాడితోపాటు, మలుపు లోపలి వైపు భుజం మీంచి చూస్తూ వాలాలని నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. మా ఆవిడకి ఎవరూ చెప్పకుండానే వచ్చు. మొన్న మా మేనకోడలి సీమంతంలో కూడా అదే కథ, ఈసారి గోడ పక్కన చిరుతపులి కూడా చేరింది. మా అక్క తల ఊపుతూ వింది.

మిగిలిన పెట్రోలు ఎంత బావా? ఒక టీ గ్లాసుడు ఉంటుందా?

రాత్రి ఇంటికి చేరేసరికి పదిన్నర. మా ఆవిడ పైకెళ్ళిపోయింది. నేను పార్కింగ్‌లో ఫోన్ లైట్ వేసుకుని, వెనక టైరు పక్కన గొంతుక్కూర్చుని, వేలు పెట్టి కొలిచాను. వాచ్‌మన్ వచ్చి "పంక్చరా సార్?" అన్నాడు.

ఒక్క వేలే ఉంది. రెండు కాదు.